నలభై ఐదేళ్ల డ్రైవరు

వ్యవసాయ శాఖలో ముప్పై మూడేళ్లు పనిచేసి దిగిపోయినదాన్ని. ఈమధ్య శాఖలో కొత్తగా చేరిన పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని అనంతపురం ఆఫీసుకు పిలిచారు. ఈవిడ విత్తనశుద్ధి గురించో, భూసార పరీక్షల గురించో చెబుతుందనుకున్నారు. నేను బాడుగ కారు గురించి చెప్పాను. సగంమంది నవ్వారు, మిగతా సగం ఫోన్లు చూసుకున్నారు. నవ్విన పిల్లల కోసం దీన్ని కాగితం మీద పెడుతున్నాను. ఫోన్లు చూసుకున్నవాళ్లు చదివినా నాకేమీ అభ్యంతరం లేదు.

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు సంగతి ఇది. దక్షిణాఫ్రికాలో మెట్ట రైతుల క్షేత్ర దినోత్సవం ఒకటి పెట్టారు. నీళ్లు తక్కువున్న దేశాల రైతులు ఒక చేలో చేరి, ఎవరి పనిముట్టు వాళ్లు దున్ని, విత్తి చూపించాలి. మన జిల్లా నుంచి ఒక్క రైతుకు పిలుపు వచ్చింది. యాడికి అనే ఊరికి దగ్గర పల్లె ఆయనది. ఏడెకరాల ఎర్రనేల, వేరుశనగ, నోట్లో ఎప్పుడూ ఒక పుల్ల. ట్రాక్టరుకు కట్టే విత్తనం గొర్రుకు ఆయన ఒక డ్రమ్ము, సన్నటి గొట్టాలు అమర్చాడు. సాలులో గింజ పడుతుంటే దాని వెనకాలే సన్నగా నీటిధార పడుతుంది. మొదటి వాన మోసం చేసినా గింజ మొలకెత్తేందుకు ఆ తడి చాలు. చుట్టుపక్కల పల్లెలవాళ్లు మొదట్లో "చేనుకు ఉచ్చ పోయిస్తాండాడు" అని నవ్వారు. తర్వాత రెండేళ్లు వరసగా వాళ్ల చేలు బీడుపడి, ఆయన చేను మాత్రం పచ్చగా ఉంటే నవ్వడం మానేశారు.

మా ఆఫీసు మాత్రం మారలేదు. ఆ గొర్రు ఫైలు మూడేళ్లుగా "పరిశీలనలో ఉంది" అన్న మాట మీద కూర్చుంది. ఆ మాట రాసినదాన్ని నేనే. చివరికి పై ఆఫీసు ఒక మెలిక పెట్టింది. అక్కడి రైతులు మెచ్చుకుంటే వచ్చే ఖరీఫ్‌లో పది ఊళ్లలో వేయించి చూస్తాం, లేకపోతే ఫైలు మూసేయండి అని. అంటే ఆ మనిషి ఏళ్ల కష్టం ఒక్క పొద్దుటి పూట మీద ఆధారపడింది.

ఆయనతోపాటు మా డిప్యూటీ డైరెక్టరు గారు, నేను బయలుదేరాలి. మేము డీడీ సార్ అనేవాళ్లం. చొక్కా ఇస్త్రీ నలగకుండా మే నెలలో చేలు తిరిగి రాగలిగిన ఏకైక అధికారి ఆయన. రిటైర్మెంటుకు ఎనిమిది నెలలుంది. ముగ్గురికీ అదే మొదటి విదేశీ ప్రయాణం.

చేను విమానాశ్రయానికి నాలుగు వందల కిలోమీటర్ల పైనే ఉంది. అక్కడికి బస్సు లేదు, కారు బాడుగకు తీసుకోండి అని నిర్వాహకులు ఉత్తరంలో ఒక్క వాక్యం రాశారు. ఆ వాక్యం మీద మా ఆఫీసు వారం రోజులు పనిచేసింది. నా కంప్యూటరులో కార్ల బొమ్మలు తెరిచి పెడితే, పెళ్లిచూపుల ఫోటోలు చూసినట్టు అందరూ వచ్చి చూసిపోయారు. డీడీ సారుకు తెల్లకారే కావాలి, అదీ పొడుగుది, వెనక డిక్కీ ఉన్నది. సూపరింటెండెంటు, ఏసీ ముందు సీటుకే కాదు వెనక సీటుకూ తగలాలన్నాడు. గేరు ఏ రకం కావాలని ఫారం అడిగింది.

"అది డ్రైవరు చూసుకుంటాడు, మనకెందుకమ్మా," అన్నారు సార్. ఏదో ఒకటి నొక్కాను.

తర్వాతి గడిలో డ్రైవరు వయసు అడిగింది. ఆ మాటే సారుకు చెప్పాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "చూసినారా, విదేశమంటే ఇదీ! మన ట్రావెల్స్‌వాళ్లు ఎప్పుడన్నా ఇట్ల అడిగినారా? కుర్రోడైతే గాలిమాదిరి తోల్తాడు, ముసలోడైతే నిద్రపోతాడు. నలభై అయిదు వెయ్యండి."

నలభై ఐదు వేశాను.

పిల్లలూ, మీరు ఇక్కడే కదా నవ్వింది. నవ్వండి. కానీ మా ఊళ్లో కారు బాడుగకు తీసుకోవడమంటే బండీ, దానితోపాటు ఒక మనిషీ. దారి ఆయనే చెబుతాడు, మంచి హోటలు ఆయనే చూపిస్తాడు, గుడి దగ్గర చెప్పులు ఆయనే చూసుకుంటాడు. ఆ మనిషి లేకుండా బండి ఒక్కటే బాడుగకు వస్తుందని మా ఆఫీసులో ఒక్కరికీ తోచలేదు. ముప్పై ఏళ్లు జీపు ఎడమ సీట్లో కూర్చున్నవాళ్లకు స్టీరింగు వెనకాల మనిషి ఉండటం గాలి ఉన్నంత సహజం. మా జీపు డ్రైవరుకైతే ఇంకో దిగులు పట్టుకుంది.

"ఆడ ఆయప్పకు బువ్వ ఎవరు పెట్టల్ల మేడం?" అన్నాడు.

నిజమే కదా అని, డ్రైవరు కోసం వేరుశనగ ఉండలు ఒక డబ్బా, నిప్పట్లు ఒక పొట్లం విడిగా కట్టించాను.

ఆ వారంలో మేము అడగని మనిషి ఒక్కడే, ఆ రైతు. ఆయన్ని అడగడానికేముంది, ఇంగ్లీషు రాదు, కంప్యూటరు తెలియదు అనుకున్నాం. ఆయన పని ఆయన చేసుకున్నాడు. గొర్రు కర్రులు, గొట్టాలు, విత్తనాలు పోసే జడ్డిగం అన్నీ విప్పి, గోనెపట్టాలో చుట్టి, దబ్బనంతో కుట్టుకుని వచ్చాడు. నిలబెడితే నా భుజం దాకా వచ్చే మూట. చట్రం, ట్రాక్టరు, విత్తనాలు అక్కడివాళ్లే ఇస్తామన్నారు.

మేము దిగినది పొద్దున. మా గొర్రు వంతు మర్నాడు పదింటికి. మూట క్షేమంగా వచ్చింది, ఇస్త్రీ కూడా నలగలేదు. కారు కౌంటరులో సన్నటి జడలల్లుకున్న అమ్మాయి నవ్వుతూ మా కాగితం చూసింది. తాళంచెవి బల్ల మీద పెట్టి, ఇక్కడ డ్రైవరు వయసు నలభై ఐదని ఉంది, మీలో ఎవరు అని అడిగింది.

డ్రైవర్ని మీరే పంపాలి కదా అన్నాను. ఆ అమ్మాయి నవ్వు ఆగింది. ఇది బండి మాత్రమేనని, తోలేది మీరేనని చిన్నపిల్లలకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. సార్ నా వైపు చూశారు, నేను సార్ వైపు చూశాను. సారుకు యాభై తొమ్మిది, నాకు యాభై ఎనిమిది. ఆ నలభై ఐదేళ్ల మనిషిని నేను అనంతపురంలో కూర్చుని పుట్టించాను.

"అమ్మా, మీకు లైసెన్సు ఉండాది కదా?" అన్నారు సార్ గొంతు తగ్గించి.

ఉంది. ఎప్పుడో గుర్తింపు కోసం ఒక ఏజెంటు తీసి ఇచ్చాడు. పరీక్ష జరిగిన రోజు నేను ఆఫీసులోనే ఉన్నాను. స్టీరింగు పట్టుకున్నది ఒక్కసారి, ఫోటో కోసం.

"చూపించి సంతకం పెట్టేయండి. బయటికి పోయినాక చూసుకుందాం."

పెన్ను చేతిలోకి తీసుకున్నాను కూడా. అబద్ధమెందుకు, ఒక్క క్షణం పెట్టేద్దామనే అనుకున్నాను. సంతకాలు పెట్టడం నాకు బాగా అలవాటైన పని. అప్పుడే అద్దంలోంచి బయటి రోడ్డు కనిపించింది. బళ్లు బాణాల్లా పోతున్నాయి.

"బయటికి పోయినాక చూసుకోవడానికేముంది సార్? పోయేది ముగ్గురం," అని పెన్ను కింద పెట్టాను.

సార్ నిట్టూర్చారు. ఈ ఊళ్లోనే ఏదైనా హోటల్లో దిగుదాం, రాలేకపోయామని చెప్పి తన ఉపన్యాసం స్లైడులు మెయిలులో పంపుదాం అన్నారు. స్లైడులు పంపవచ్చు. గొర్రును మెయిలులో ఎలా పంపుతాం? ఫైలు మూసేయండి అన్న మాట నా చెవుల్లో మోగుతూనే ఉంది.

రైతు తన మూట మీద కూర్చుని మా మొహాలే చూస్తున్నాడు. లేచి వచ్చాడు.

"ఏమయింది మేడం? బండి లేదంటాండారా?"

"బండి ఉందన్నా. డ్రైవరు లేడు."

"బండి ఉండాది కదా?"

"ఉంది."

"మరింకేం. నేను తోల్తా."

లోపలి జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో ఆయన లైసెన్సు. లారీకి సరిపోయేది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఎందుకంటే ఆయన లారీ తోలిన సంగతి నాకు తెలుసు. పిలుపు కోసం ఆయన జీవిత వివరాలు రాసింది నేనే. వరసగా వానలు లేని కాలంలో చేను వదిలేసి, ఎనిమిదేళ్లు తాడిపత్రి బండల లారీ తోలానని ఆయన చెబితే ముందు రాసుకున్నాను. తర్వాత కొట్టేశాను. ఆదర్శ రైతు మధ్యలో ఎనిమిదేళ్లు లారీ తోలాడంటే బాగుండదని, "ముప్పై ఏళ్ల నిరంతర సాగు అనుభవం" అని రాశాను. ఆ ఎనిమిదేళ్లను కాగితం మీదే కాదు, నా బుర్రలోంచి కూడా కొట్టేశానని అక్కడ నిలబడ్డాకే తెలిసింది.

"ముందే అడిగింటే చెప్తాంటి గదా సార్," అన్నాడాయన. ఎత్తిపొడుపు కాదు, మామూలుగా అన్నాడు.

ఆ అమ్మాయి లోపలికి పోయి మేనేజరును అడిగి వచ్చింది. బాడుగ నా కార్డు మీద, డ్రైవరుగా ఆయన పేరు అని ఒప్పుకుంది. నలభై ఐదు కొట్టేసి యాభై రెండు వేసింది. అందరం కలిసి తెల్లకారు దగ్గరికి పోయాం. నిజంగానే పొడుగ్గా, తళతళలాడుతూ సార్ కోరుకున్నట్టే ఉంది. రైతు చుట్టూ ఒకసారి తిరిగాడు. గొంతుక్కూర్చుని కిందికి చూశాడు. మూటను డిక్కీలో పెట్టి చూస్తే సగం బయటే ఉంది.

"పెండ్లికి పోయేదానికి బాగుంటాది సార్. చేనుకు పోయేదానికి కాదు. కడాకు మట్టిరోడ్డంటాండారు, అడుగు కొట్టుకుంటాది."

"ఏమప్పా, వారం రోజులు చూసి పట్టినాము దీన్ని!"

"బొమ్మలో చూసినారు గదా సార్."

నన్ను వెంటబెట్టుకుని ఆ ఆవరణంతా తిరిగాడు. ఒక్కో టైరునూ కాలితో తన్ని చూస్తుంటే ఆ అమ్మాయి వింతగా చూసింది. చివరికి ఒక మూల ఉన్న బండి ముందు ఆగాడు. రెండు వరసల సీట్లు, వెనక ట్రాలీ. పొద్దున్నే ఎవరో తిరిగి అప్పగించిన బండి, ఇంకా కడగలేదు. ఎర్రదుమ్ము పట్టి ఉంది. సార్ మొహం చిట్లించారు.

"దుమ్ము పట్టిందంటే ఆ రోడ్డు చూసొచ్చిన బండి సార్ ఇది. స్టెప్నీ ఉండాదా, జాకీ ఉండాదా అడుగు మేడం."

రెండూ ఉన్నాయి. గేరు కూడా ఆయనకు అలవాటైనదే. మూట ట్రాలీలో పడుకుంది. డీడీ సార్ జీవితంలో మొదటిసారి సీటు మీద రుమాలు పరుచుకుని కూర్చున్నారు.

అక్కడ కూడా మనలాగే ఎడమవైపు తోలతారు, కాబట్టి ఆయనకు తికమక లేదు. ఒక్కటే ఇబ్బంది, చేయి ఊరికే హారను మీదికి పోయేది. "అందరూ మూగోళ్లమాదిరి పోతాండారే," అని ఆశ్చర్యపోయాడు. ఒకచోట నాలుగు రోడ్లు కలిశాయి. సిగ్నలు లేదు, పోలీసు లేడు. మావాడు ఆగి, మిగతా బళ్లు పోతాయేమోనని చూస్తున్నాడు. మిగతా మూడు బళ్లూ ఆగి మమ్మల్నే చూస్తున్నాయి. ఎదుటి బండిలో ముసలావిడ చేయి ఊపి పొమ్మంది.

"నేను ముందొచ్చినానని నన్ను పొమ్మంటాండారు మేడం!" అన్నాడు. ఆ తర్వాత పది కిలోమీటర్ల దాకా ఆ సంతోషం ఆయన మొహం మీదే ఉంది. అలాంటి కూడలి మళ్లీ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాడు.

ఊళ్లు దాటిన కొద్దీ నేల ఎర్రబడింది. ముళ్లకంపలు, రాళ్లగుట్టలు, నెర్రెలిచ్చిన కుంటలు. రాప్తాడు దాటి ఎటో పోతున్నట్టే ఉంది. మనకు కాయ పీకే కాలం, వాళ్లకు విత్తే కాలం. ఆకాశంలో మబ్బు లేదు. మధ్యాహ్నం ఒక చెట్టు కింద ఆగాం.

"డ్రైవరుకని ఏమో కట్టకొచ్చినారంట గదా, ఇటియ్యి," అని చేయి చాపాడు. ఉండల డబ్బా ఇచ్చాను. సార్ అంత గట్టిగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. ఆ చెట్టు కింద మా ముగ్గురి మధ్య హోదాలు కొంచెం సడలాయి. అక్కడి నుంచి ఆయన నన్ను మేడం అనడం మానేసి అక్కా అన్నాడు.

పొద్దుండగానే ఒక చిన్న ఊళ్లో ఆగి, మర్నాడు తొమ్మిది లోపలే చేను చేరాం. చివరి మట్టిరోడ్డు మీద తెల్లకారైతే ఏమయ్యేదో నాకు కారు గురించి ఏమీ తెలియకపోయినా అర్థమైంది.

అక్కడ ఇంకో చిక్కు. వాళ్ల చట్రం బెజ్జాలకూ, మన కర్రులకూ పొంతన కుదరలేదు. మాకిచ్చింది అరగంట. అందులో ఇరవై నిమిషాలు డీడీ సార్ ఉపన్యాసం. నెలరోజులు కూర్చుని తయారు చేసుకున్నది. రైతు ఇనుప కమ్ములు వంచి కడుతూ చెమటలు కక్కుతున్నాడు. సార్ గడియారం చూసుకుని, లాప్‌టాప్ మూసి సంచిలో పెట్టారు.

"నా టైము కూడా నీదేనప్పా. నిదానంగా కట్టుకో," అన్నారు.

ముప్పై ఏళ్లలో ఆయన మీద నేను గొణుక్కున్నవన్నీ ఆ మాటతో రద్దు చేసుకున్నాను.

ట్రాక్టరు కదిలింది. గింజ పడుతోంది, వెనకాలే నీటిధార పడుతోంది. చేను ఈ కొస నుంచి ఆ కొసకు రెండుసార్లు తోలి మా రైతు నిలిపాడు. ఆ చేను యజమాని పెద్ద టోపీ పెట్టుకున్న ముసలాయన. మోకాళ్ల మీద కూర్చుని సాలులో వేలు దించి, గింజ తీసి, తడి చూసి, మళ్లీ అక్కడే పెట్టి మన్ను కప్పాడు. ఈ ఉపాయం మీకెలా తట్టిందని అడిగాడు. తెలుగులోకి మార్చి చెప్పాను.

"లారీ తోలేటప్పుడక్కా," అన్నాడు మా రైతు. "బండలు కోసే ఫ్యాక్టరీలో లోడు కోసం గంటలు గంటలు కూర్చుంటాంటి. రంపం వేడెక్కకుండా దాని మీద సన్నగా నీళ్లు పడతాంటాయి చూడు. అంత రాయిని కోసేదానికి అంత నీళ్లే చాలునే, ఇంత గింజకు ఎన్ని కావల్లా అనుకుంటి. ఆ ఎనిమిదేండ్లూ అదే ఆలోచన."

ఆయన గొర్రు ఎక్కడ పుట్టిందో ఆ ఎనిమిదేళ్లనే నేను కొట్టేశాను. సిగ్గుతో తల దించుకుని, మళ్లీ ఎత్తి, ఒక్క మాట వదలకుండా అక్కడున్నవాళ్లందరికీ ఇంగ్లీషులో చెప్పాను. ఎనిమిదేళ్లు అన్న మాటను రెండుసార్లు చెప్పాను.

చప్పట్లు కొట్టారు. టోపీ ముసలాయన మాత్రం కొట్టలేదు. "నీళ్లు పడటం చూశాను. మొలక చూడలేదు. మొలిచాక మాట్లాడతాను," అన్నాడు. ఏ దేశమైనా మెట్ట రైతు మెట్ట రైతే. చప్పట్లు ఫైలుకు పనికిరావు, చేను యజమాని మాటే కావాలి. ఆ మాట లేకుండానే తిరిగొచ్చాం.

వారం గడిచింది. అక్కడ చినుకు పడలేదని తెలుస్తూనే ఉంది. పై ఆఫీసు నుంచి రెండుసార్లు ఫోను వచ్చింది. ఇంకో నాలుగు రోజులు ఆగమన్నాను. ఆగమని చెప్పడం నా ఉద్యోగంలో కొత్త కాదు, కానీ ఒక మనిషి కోసం చెప్పడం అదే మొదలు. పదకొండో రోజు పొద్దున నా ఫోనుకు ఒక ఫోటో వచ్చింది. దాని కింద రెండు ముక్కలు: మొలిచింది, నాకూ ఒకటి కావాలి.

ఫైలు తెరవడానికి ఆ రెండు ముక్కలు చాలు. నేను ఆఫీసులో ఎవరికీ చెప్పకుండా జీపు ఎక్కి నేరుగా యాడికి పోయాను.

ఆయన చేలో కాయ పీకుతున్నాడు. చేతులు పంచెకు తుడుచుకుని ఫోను అందుకున్నాడు. రెండు వైపులా ఎండిన ఎర్రనేల, మధ్యలో పచ్చటి సాళ్లు. చాలాసేపు చూశాడు. ఆయన కళ్లు నిండాయి, నావీ నిండాయి. తర్వాత వేళ్లతో ఫోటోను పెద్దది చేసి, ఒక్కో మొక్కనూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"అక్కా, రెండో సాలులో మూడు చోట్ల తప్పింది. జడ్డిగంలో ఒక బెజ్జం మూసుకున్నట్టుండాది, నాదే తప్పు. ఆయప్పకు ఇప్పుడే రాయి. ఆ సందుల్లో చేత్తో గింజలు పెట్టి చెంబెడు నీళ్లు పోయమను. ఇయ్యాళే పెట్టమను, లేటయితే పక్కవి పెరిగి వీటిని తొక్కేస్తాయి."

గట్టు మీద కూర్చుని అదంతా రాసి పంపాను. మేము కాయలు ఒలుచుకు తింటుండగానే జవాబు వచ్చింది. పెట్టేశానని రాశాడు టోపీ ముసలాయన. కింద ఇంకో వాక్యం ఉంది, ఇంకేం చేయమంటారో ఆయన్ని అడిగి చెప్పండి అని.

సంచిలోంచి కాగితం, పెన్ను తీసుకుని అడిగాను.